మహబూబ్‌నగర్‌లో సీజన్ దోమల నివారణ సర్వీస్: ఒక హాస్టల్ ఓనర్ రివ్యూ

న్యూటౌన్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. మూడంతస్తుల బిల్డింగు, కింద వంటగది, వెనక పాత బావి, పక్కన ఎవరూ కట్టుకోని ఖాళీ ప్లాటు. వానలు మొదలయ్యాయంటే నాకు డెంగీ టెన్షనే. ఒక పిల్లకు ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆ రాత్రే అచ్చంపేట నుంచి, నారాయణపేట నుంచి, గద్వాల నుంచి ఫోన్లు. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని నన్నే అడుగుతారు, నేనేదో డాక్టరమ్మనైనట్టు. అందుకే ఈసారి జూలై నుంచి నవంబర్ దాకా సీజన్ మొత్తానికి దోమలు పుట్టకుండా చూసే ఒక సర్వీసు మాట్లాడుకున్నాను. పేరు రాయడం లేదు. ఒప్పుకున్న ఇళ్లకే టైం చాలట్లేదు, ఇంకెవరికీ చెప్పకు అక్కా అని వాళ్లే బతిమాలారు.

ఇద్దరు అన్నదమ్ములు, ఒక ట్రాలీ ఆటో. పెద్దవాడు కెమిస్ట్రీతో బీఎస్సీ చదివాడు. చిన్నవాడు ఆటో నడుపుతాడు, పొగ కొట్టే మిషన్ మోస్తాడు, మాట తక్కువ.

అంతకుముందు ఏడాది నేను పిలిచింది వేరే ఆయనను. మిట్టమధ్యాహ్నం వచ్చేవాడు, మిషన్ స్టార్ట్ చేసేవాడు, గల్లీ అంతా తెల్లగా పొగ కమ్మేది, పిల్లలు వీడియోలు తీసుకునేవాళ్లు, నేను డబ్బులిచ్చేదాన్ని. సాయంత్రానికి దోమలు మళ్లీ హాజరు. ఎందుకో ఈ అన్నదమ్ముల్లో పెద్దోడు చెబితే తెలిసింది. ఎండలో నేల వేడికి గాలి పైకి లేస్తుంది, దాంతోపాటే పొగా పోతుంది. ఫాగింగ్ చేస్తే గాలి నిలకడగా ఉండే తెల్లవారుజామునో, పొద్దుగూకే వేళో చేయాలి. అప్పుడైనా ఎగిరే దోమకే తగులుతుంది. నీళ్లలో పురుగులా ఉండే దోమ పిల్లకు, అంటే లార్వాకు, ఆ పొగతో పనే లేదు. గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ వాతావరణంలో వారం పది రోజులు చాలు కాబట్టి, పొగ ఒక్కటే కొట్టించుకునేవాళ్లు ప్రతి వారం కొత్త దోమలకు స్వాగతం చెబుతున్నట్టే.

వీళ్లు మొదటిసారి వచ్చినప్పుడు మిషన్ ఆటోలోంచి దించనేలేదు. ఒక టార్చి, ఒక తెల్ల ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని ఇల్లంతా తిరిగారు. బాత్రూముల పక్కన మేం నింపి పెట్టుకున్న డ్రమ్ములో చిన్నోడు నెమ్మదిగా మగ్గు ముంచి తీసి నా చేతికిచ్చాడు. పైకి శుభ్రమైన నీళ్లే. వంగి చూస్తే సన్నని పురుగులు తలకిందులుగా, తోక కొస నీటి పైపొరకు ఆనించి వేలాడుతున్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. కాసేపటికి ఊపిరి కోసం ఒక్కొక్కటే పైకొచ్చాయి. మా వంటామె అది చూసి ఆ పూటే డ్రమ్ము బోర్లించింది.

బోర్లిస్తే సరిపోదన్నాడు పెద్దోడు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచు దగ్గర డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయట. తడి లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయట. కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమించాడు. తర్వాత ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రే లాగి చూపించాడు, అందులోనూ ఉన్నాయి. పెరట్లో వాడని రోలు, కూలర్ అడుగు, పూలకుండీల కింది పళ్లేలు కూడా చూశారు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ జాలీ కట్టారు. ఇన్నేళ్ల ఇంట్లో ఆ గొట్టాన్ని నేను తలెత్తి చూసింది లేదు.

మా వీధిలో అందరూ మోరీని తిడతారు. మోరీలో పుట్టే దోమ వేరు, అది రాత్రి కుడుతుంది. డెంగీ దోమ మంచినీళ్లలో పుట్టి పగలు కుడుతుంది. పాలమూరులో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే రోజుల తరబడి నల్లా రాని కాలం చూసినవాళ్లం మనం. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నా డ్రమ్ము, గోలెం, బిందెలు నింపుకోనిదే మనకు నిద్ర పట్టదు. ఆ అలవాటు మానమని వీళ్లు చెప్పలేదు, అది నాకు నచ్చింది. మూతలు పెట్టించి, వారానికి ఒకరోజు అన్నీ ఖాళీ చేసి తోమమన్నారు. మేం శుక్రవారం పెట్టుకున్నాం.

మందుల విషయంలో జాగ్రత్త ఉంది. తాగే నీళ్ల సంపులో ఏదీ వేయలేదు, మూత సందులు మాత్రం మూశారు. వాడుక నీళ్లు నిలిచే గుంటలో 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్ల టెమిఫాస్ అనే లార్వాలను చంపే మందు నా ముందే కొలిచి కలిపి కొట్టారు. పాత బావిలో లార్వాలను తినే గంబూసియా చేపలు వదిలారు. అవి చెరువులోకి పోతే అక్కడి చేపలకు చేటు, ఈ బావి నీళ్లు ఎక్కడికీ పోవు కాబట్టే వదిలామన్నారు. గదుల్లో కొట్టింది పైరెత్రం, చామంతి జాతి పూల నుంచి తీసేది. ఒక వంతు మందుకు 19 వంతుల కిరోసిన్. ఈ రోజుల్లో అంత కిరోసిన్ ఎలా సంపాదిస్తున్నారో మరి. ముందురోజే ఫోన్ చేసి ఆయాసం ఉన్న పిల్లలెవరని అడిగారు. ఒకమ్మాయి ఉంటే ఆ సాయంత్రం పక్కింటికి పంపాను.

రేటు నెలకు 2,500. వారం వారం చూడటం అందులోనే, ఫాగింగ్ కూడా అవసరమైతే అందులోనే. నా లెక్కలో ఈ వ్యాపారంలో తెలివంతా ఇక్కడే ఉంది. పొగకు ఇంత అని రేటు పెడితే ఎవరైనా పొగే కొడతారు, దోమలుంటేనే వాళ్లకు గిరాకీ. సీజన్‌కు ఇంత అని ఒప్పుకుంటే దోమలు తగ్గేకొద్దీ వాళ్లకు మందు ఖర్చు, డీజిల్ ఖర్చు మిగులుతుంది. నా లాభం, వాళ్ల లాభం ఒకవైపే ఉన్నాయి. గదికో రీఫిల్ చొప్పున నేను కొనే, ప్లగ్గుకు పెట్టే దోమల లిక్విడ్లు సగానికి తగ్గాయి, పూర్తిగా మానలేదు.

ఇలాంటిది పెట్టుకుందామని చూసే పిల్లలు మనూళ్లో చాలామంది ఉన్నారు, ఆన్‌లైన్‌లో మిషన్ కొనేస్తే అయిపోయిందనుకుంటారు. డబ్బులు తీసుకుని పురుగుమందు కొట్టడానికి 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు కావాలి. దానికి అగ్రికల్చర్ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్స్ డిగ్రీ గానీ ఉన్న మనిషి ఉండాలి, పైగా 15 రోజుల శిక్షణ. మా పెద్దోడు అది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ మొక్కల ఆరోగ్య శిక్షణ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎంలో చేశాడు. అడక్కుండానే కాగితం చూపించాడు. చలికాలం, ఎండాకాలం ఏం చేస్తారంటే చెదల మందు, కిటికీలకు జాలీలు అన్నాడు. అయిదు నెలల పని మీద ఏడాదంతా బతకలేం అక్కా అన్నాడు, నిజమే.

లోపాలు లేకపోలేదు. బతుకమ్మ, దసరా వారం పత్తా లేరు, ఫోన్ ఎత్తలేదు. సరిగ్గా వానలు తెరిపిచ్చి దోమలు పెరిగే టైం అది. తర్వాత వచ్చి సారీ చెప్పి ఆ వారం డబ్బులు తగ్గించుకున్నారు గానీ, దోమకు దసరా సెలవులుండవు కదా. బిల్లు అడిగితే వాట్సాప్‌లో పంపిస్తామంటారు, దానికి నాలుగుసార్లు గుర్తు చేయాలి. సొంత నిచ్చెన లేదు. పైట్యాంకు చూడాలన్న ప్రతిసారీ మా వాచ్‌మన్ పక్క వీధికెళ్లి అడుక్కొస్తాడు. ఖాళీ ప్లాటు సంగతి మాత్రం వాళ్ల తప్పు కాదు. హైదరాబాద్‌లో ఉండే ఓనరుతో ఫోన్‌లో మాట్లాడి, ఆయన ఊ అన్నాకే నిలిచిన నీళ్లలో ఆయిల్ బాల్స్, అంటే నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు, వేశారు. పెద్ద వాన పడితే అవి కొట్టుకుపోతున్నాయి, మళ్లీ వేస్తున్నారు.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఇలాంటివాళ్లు మీ దగ్గర ఉంటే జూన్‌లోనే మాట్లాడుకోండి, ఆగస్టులో జ్వరాలు మొదలయ్యాక ఎవరూ దొరకరు. వచ్చినవాడు ముందు మిషన్ దించుతాడా, మగ్గు తీస్తాడా చూసి అడ్వాన్స్ ఇవ్వండి. మావాళ్లు వచ్చే ఏడాది మూడు వేలు అంటున్నారు. నిచ్చెన కొనుక్కుని రండి, అప్పుడు చూద్దామన్నాను.