పట్టాల పక్కన పనికి అద్దె పొక్లెయిన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కాజీపేట–బల్హార్షా మూడో రైల్వే లైనులో చిన్న మట్టిపని సబ్‌కాంట్రాక్టు దొరికినప్పుడు నాకు తెలిసింది రోడ్డు పనే. పొక్లెయిన్ ఎక్కడిదైనా పొక్లెయినే కదా అని హన్మకొండలో తెలిసినాయన బండి తెచ్చుకున్నా. రెండో వారంలోనే దాన్ని పక్కన పెట్టించారు. డ్రైవర్‌కు లైసెన్సు ఉంది గానీ, రైళ్లు నడిచే లైను పక్కన పని చేయడానికి రైల్వే ఇంజనీర్ ఇచ్చే కాంపిటెన్సీ సర్టిఫికెట్ లేదు. ఆ తర్వాత రైల్వే పనులకే బండ్లు పంపే ఒక హైదరాబాద్ సప్లయర్ దగ్గరికి వెళ్లా. పేరు రాయను, మంచీ చెడూ రెండూ చెప్పాలి కాబట్టి.

గంటకు లోకల్ రేటు కంటే మూడు వందలు ఎక్కువ. డీజిల్ మనదే, ఆపరేటర్ బాటా మనదే. మొదట్లో కడుపు మండింది. ఆ మూడు వందలు ఎందుకో పట్టాల పక్కన నిలబడ్డాక గానీ అర్థం కాలేదు.

దగ్గరి ట్రాక్ మధ్య నుంచి 3.5 మీటర్ల దూరంలో సున్నంతో గీత గీస్తారు. ఆ గీత దాటి లోపలికి బండి రావాలంటే బ్లాకు, అంటే ఆ లైనులో కొంతసేపు రైళ్లు ఆపడం, తీసుకోవాల్సిందే. 3.5 నుంచి 6 మీటర్ల మధ్య అయితే రైల్వే మనిషి నిలబడి ఉండాలి. కాగితం మీద ఇది తేలికే. కానీ పొక్లెయిన్ తిరిగినప్పుడు ముందు బకెట్ ఒకవైపు పోతే, వెనక బరువు రెండోవైపు పోతుంది. చైన్లు గీత ఇవతలే ఉన్నా, వెనక భాగం గీత దాటొచ్చు. కొత్తవాడి చూపంతా బకెట్ మీదే ఉంటుంది. వీళ్లు పంపిన పాలమూరు ఆపరేటర్ మొదటి రోజే బండిని గీత నుంచి ఇంకో రెండు మీటర్లు వెనక్కి జరిపి, పట్టాలకు సమాంతరంగా పెట్టి, మట్టిని పొలం వైపే తిప్పి పోశాడు. రైలు వస్తుందా అని చూసే లుకౌట్ మనిషి విజిల్ ఊదగానే బకెట్ నేలకు ఆనించి లీవర్ల మీద నుంచి చేతులు తీసేసేవాడు. ఒకసారి నేనే తొందర పెడితే, "ఆగున్రి సార్, రైలు పోనీయున్రి" అన్నాడు. ఢిల్లీ–చెన్నై గ్రాండ్ ట్రంక్ లైను కదా, ఒక రైలు పోయిందో లేదో ఇంకోటి వస్తుంది.

పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దానికి రెండు మీటర్లలోపు బూమ్, అంటే పొక్లెయిన్ చెయ్యి, పోకూడదు. తాకకపోయినా చాలు, దగ్గరికి పోతేనే కరెంట్ దూకుతుంది. అందుకే తీగ దగ్గర పనంటే ముందే పవర్ బ్లాకు ఉందా, అంటే తీగలో కరెంట్ ఆపారా అని ఆపరేటరే అడిగేవాడు. సిగ్నల్ కేబుళ్ల సంగతీ అంతే. తవ్వే ముందు సిగ్నల్ విభాగం వాళ్లు వచ్చి కేబుల్ దారి చూపించాలి. చూపించినా మా బకెట్ ఒకసారి తెంపింది. తప్పు సగం నాది, సాయంత్రం అయిందని, కేబుల్ ఎక్కడుందో చూడటానికి ముందు గుంత చేత్తో తవ్వించలేదు.

ఇక చెడు. నెలకు కనీసం 200 గంటల బిల్లు కట్టాలి. ఇక్కడి నల్లరేగడిలో జూలై వర్షం పడితే వారం రోజులు బండి కదలదు, మీటరు తిరగదు, బిల్లు మాత్రం వస్తుంది. ఈ విషయంలో ఎంత బేరమాడినా దిగలేదు. లోబెడ్ ట్రెయిలర్ మీద బండి తెచ్చే ఖర్చూ మనదే.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఒక రాత్రి బ్లాకులో వచ్చింది. రెండు గంటల బ్లాకు ఇంకో నలభై నిమిషాలు ఉందనగా హైడ్రాలిక్ గొట్టం పగిలింది. బండి గీత లోపలే ఉంది. మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలి. చివరికి మా జేసీబీకి గొలుసు కట్టి ఈడ్చాం. బ్లాకు పావుగంట ఆలస్యంగా క్లియర్ చేశాం. అంతకు ముందు నెలే ఆ గొట్టం చెమ్మగా ఉందని ఆపరేటర్ లాగ్‌బుక్‌లో రాశాడు, సప్లయర్ చూడలేదు. గొడవ పడితే అద్దె తగ్గించలేదు గానీ, రెండు గొట్టాలు, ఒక ఫిల్టర్ సెట్టు సైటులోనే ఉంచడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఒప్పందంలో ముందే రాయించుకుంటున్నా.

బండికి మార్కులేస్తే పదికి ఏడు, ఆపరేటర్‌కు తొమ్మిది, ఆఫీసుకు నాలుగు. 6 మీటర్ల అవతలి పనికి లోకల్ బండే పెడతా, లోపలి పనికి మాత్రం వీళ్లదే. మొన్న ఆ పాలమూరు అతన్ని అడగకుండానే వేరే సైటుకు మార్చారు. కొత్తతను వచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేయకముందే సున్నం గీత వెంట నాతో పాటు నడవమన్నా.