మా తమ్ముడి బీఎంఎక్స్‌కి మళ్లీ ఊపిరి: విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సైకిల్ షాపు గురించి

ముందు ఖర్చు చెప్పేస్తాను. తెలిసినవాళ్లందరూ మొదట అడిగింది అదే. తుప్పు పట్టి డాబా మీద పడి ఉన్న ఇరవై అంగుళాల చక్రాల బీఎంఎక్స్ (గుట్టల మీద గెంతించే రకం) సైకిల్ మళ్లీ రోడ్డెక్కడానికి నాకు 3,600 రూపాయలైంది, ఆరు వారాలు పట్టింది. ఇందులో ఆ షాపు నడిపే సైకిల్ బాబాయ్ తీసుకున్న కూలి 700 మాత్రమే.

ఈ సైకిల్ 1996లో నాన్న మా తమ్ముడికి కొన్నారు. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టర్. అప్పుడు మేం గాంధీగ్రామ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. హ్యాండిల్‌కి అడ్డంగా ఒక రాడ్డు, దానికి స్పాంజి తొడుగు, లావు టైర్లు. ఆ వీధిలో అలాంటి సైకిల్ తమ్ముడికొక్కడికే ఉండేది. ఇల్లు కడుతున్న చోట ఇసుక గుట్ట కనిపిస్తే చాలు, మీదికెక్కించి గెంతించేవాడు. అసలు బీఎంఎక్స్ పుట్టుకే అలాంటిది. 1970ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పిల్లలు మోటోక్రాస్ బైకులను (మట్టి దారుల్లో పందెం వేసే మోటార్ సైకిళ్లను) చూసి, మట్టి గుట్టల మీద సైకిళ్లు గెంతించడంతో మొదలైంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌ దాకా వెళ్లింది. అప్పట్లో మాకు ఇవేమీ తెలియవు. వాడికి మాత్రం అది మోటార్ సైకిలే.

తర్వాత మర్రిపాలెంలో ఇల్లు కట్టుకున్నాం. సైకిల్ డాబా మీద రేకుల షెడ్డులోకి చేరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ రేకులను ఎగరేసుకుపోయింది. మిగతావన్నీ సర్దుకున్నాం గానీ సైకిల్ సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పటి నుంచి ఎండా వానా ఉప్పు గాలీ దాని మీదే. నాన్న అంతకు మూడేళ్ల ముందే పోయారు. మొన్న వేసవిలో మా అబ్బాయి డాబా మీదికెళ్లి, దాన్ని పట్టుకుని ఈడ్చుకుంటూ మెట్ల దాకా తెచ్చి, ‘అమ్మా, ఇది మావయ్యదా? నాకిస్తాడా?’ అని అడిగాడు. వాడికి తొమ్మిదేళ్లు. సరిగ్గా ఆ సైకిల్ ఎత్తుకి వచ్చాడు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాబట్టి తుప్పు వరకు నా పని అనుకున్నాను. విశాఖలో క్రోమ్ ఎందుకు నిలవదో పిల్లలకు ఏటా చెప్పేదే. క్రోమ్ పూతలో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి వాటిలోంచి దిగి, అడుగున ఉన్న ఇనుమును తింటుంది. పైకి చిన్న చిన్న గోధుమ రంగు చుక్కల్లాగే కనిపిస్తుంది. హ్యాండిల్‌ని నీళ్లలో తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దాను. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం ఊడి వస్తుంది. గంటన్నర రుద్దితే హ్యాండిల్‌లో నా ముఖం కనిపించింది. చుక్కలున్న చోట గుంటలు మిగిలాయి, అవి పోవు. రంగు లేని చిన్న సామాన్లను కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నీళ్లలో, లీటరుకు వంద గ్రాముల చొప్పున కలిపి, రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, నూనె రాశాను. వెంటనే అన్నది ముఖ్యం. మన ఊళ్లో పది నిమిషాలు తడిగా వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతుంది.

అక్కడితో నా చదువు ఆగిపోయింది. సీటు రాడ్డు ఫ్రేములో బిగుసుకుపోయింది. పెడల్ కడ్డీలు కదలవు. రెండు షాపులకు తీసుకెళితే ‘పాత ఇనుముకి వేసేయండి మేడం’ అన్నారు. ఇంకో చోట పైన స్ప్రే కొట్టి ఇస్తామన్నారు. తుప్పు మీద రంగు వేయించడం నాకు ఇష్టం లేకపోయింది.

కూరగాయలకు పూర్ణా మార్కెట్‌కి వెళ్లినప్పుడు వెనక సందులో ఈ షాపు కనిపించింది. బోర్డు లేదు. వేపచెట్టు కొమ్మకు వేలాడదీసిన టైరే గుర్తు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటు లేదు. బాబాయ్‌కి డెబ్బై దగ్గర్లో ఉంటాయి. పేరూ ఫోన్ నంబరూ రాస్తానంటే వద్దన్నారు, అందుకే రాయడం లేదు. సైకిల్ చూడగానే బేరం మొదలుపెట్టలేదు. తలకిందులుగా నిలబెట్టి, హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము గొట్టాలు కలిసే చోట వేలితో తడిమారు. అక్కడ రంగు మీద సన్నటి గీత ఉంది.

‘గెంతించిన బండేనా అమ్మా?’

‘అవును బాబాయ్, మా తమ్ముడు బాగా గెంతించేవాడు.’

‘అయితే ఇది సూడకుండా రంగు ముట్టుకోకూడదు. ఇనుము పగిలితే పిల్లోడి పళ్లు పోతాయి.’

బ్లేడుతో అక్కడ రంగు గీకారు. కిరోసిన్ రాసి తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని ఎండలోకి తీసుకెళ్లి చూశారు. పగిలింది రంగే, ఇనుము కాదు. నేనైతే ఆ గీతను చూసేదాన్నే కాదు. పిల్లలకోసం పాత బీఎంఎక్స్ బాగు చేయించే ప్రతి ఒక్కరూ మొదట చూడాల్సింది అదే చోటు. ఆ ఐదు నిమిషాలతోనే ఈ షాపు మీద నాకు నమ్మకం కుదిరింది.

గీకిన చోట నీలం రంగు కింద ఎర్రగా ప్రైమర్ కనిపించింది. బాబాయ్ దాన్ని గోటితో గీరి చూసి, ‘ఇది కంపెనీది కాదు. రెడ్ ఆక్సైడ్. ఎవరో చేత్తో రెండు కోట్లు వేశారు, బాగా ఆరనిచ్చి వేశారు. ఇదే నేకపోతే ఈ పాటికి ఫ్రేము మిగిలేది కాదు’ అన్నారు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాన్న ఒక ఆదివారం సైకిల్ మొత్తం విప్పి, ఉప్పు కాగితంతో తోమి, వరండాలో తాడుకు వేలాడదీసి రంగు వేశారు. మేం ఆడుకోవడానికి ఇవ్వమని ఏడ్చాం. ఆరేదాకా ముట్టుకోవద్దని రెండు రోజులు ఆపారు. ఆ రెండు రోజుల విలువ పాతికేళ్ల తర్వాత, నాన్నను ఎప్పుడూ చూడని మనిషి చెబితే విన్నాను. షాపు ముందు నిలబడి కాసేపు మాట్లాడలేకపోయాను. బాబాయ్ ఏమీ అడగకుండా స్టూలు జరిపారు.

సీటు రాడ్డుకి కిరోసిన్, గేర్ ఆయిల్ కలిపి పోసి మూడు రోజులు వదిలేశారు. బాత్రూం యాసిడ్ పోస్తే తొందరగా వస్తుందని ఎవరో చెప్పారంటే, ఆయన ‘ఒగ్గేయమ్మా, దాని వాసనకే పక్కనున్న బళ్లు తుప్పు పడతాయి’ అన్నారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని పొగ నిజంగానే చుట్టుపక్కల ఇనుమును తింటుంది. ఆయన చదువుకోకుండానే అనుభవంతో చెప్పింది నేను క్లాసులో బోర్డు మీద రాసేదే.

పెడల్ కడ్డీల దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఈ సైకిల్‌కి రెండు కడ్డీలూ ఇరుసూ కలిపి ఒకటే ముక్క. మామూలు పెద్ద సైకిళ్లలాగా కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను ఉండదు. ఎడమ వైపు పెడల్‌కీ, ఆ వైపు నట్టుకీ మర మామూలుకి ఎదురు దిశలో ఉంటుంది. తొక్కే కొద్దీ వదులై ఊడిపోకుండా అలా పెట్టారు. నేను ఇంట్లో వదులు చేస్తున్నాననుకుని పానాతో ఇంకా బిగించాను. బాబాయ్ గడియారం తిరిగే వైపు తిప్పితే ‘టక్’ మని వదిలింది. తర్వాత మొత్తం కడ్డీని వంకర తిప్పుతూ కుడి వైపు నుంచి బయటికి లాగారు. కొత్త పెడళ్లు కొనేటప్పుడు కూడా చూసుకోండి. ఒకే ముక్క కడ్డీకి అర అంగుళం మర పెడళ్లు కావాలి. మామూలుగా దొరికేవి తొమ్మిది బై పదహారు అంగుళాలవి, అవి పట్టవు.

టైర్ల దగ్గర 560 రూపాయలు పోగొట్టుకున్నాను. ఆ డబ్బు పైన చెప్పిన లెక్కలో లేదు. ఆన్‌లైన్‌లో ‘20 అంగుళాలు’ అని చూసి తెప్పించాను. ఇరవై అంగుళాల టైర్లలో రకాలున్నాయి. బీఎంఎక్స్ లావు టైరుకి రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 406 మిల్లీమీటర్లు. సన్నటి 20×1-3/8 టైరుకి 451. నేను తెప్పించింది సన్నది, రిమ్ము మీద గాజులా వదులుగా తిరిగింది. టైరు పక్కన 57-406 అనో 47-406 అనో అచ్చు వేసి ఉంటుంది. ఆ 406 చూసి కొనండి, మిగతాది వదిలేయండి.

రంగు బాబాయ్ వేయరు. ఫ్రేమునీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కునీ పౌడర్ కోటింగ్‌కి గాజువాక ఆటోనగర్‌లో ఒక చోట ఇచ్చాను. షేడ్ కార్డులో 5015 నంబరు ఆకాశ నీలం తమ్ముడి పాత రంగుకి దగ్గరగా ఉంది. పౌడర్ చల్లి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించి పట్టిస్తారు. పూత గట్టిగా, అందంగా వచ్చింది. కానీ గోళీల (బాల్ బేరింగుల) కప్పులు కూర్చునే చోటూ, ఫోర్కు మరలూ కప్పకుండానే చల్లేశారు. ముందే చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. అయినా అలాగే చేశారు. కప్పులు లోపలికి దిగలేదు. బాబాయ్ ఒక మధ్యాహ్నమంతా అర్ధచంద్రం ఆకు రాయితో ఆ పూతను తీశారు, దానికి వేరే డబ్బు అడగలేదు. మీరు ఇచ్చేటప్పుడు టేపు మీరే చుట్టి ఇవ్వండి, వేడికి కాలిపోని టేపు.

పౌడర్ కోటింగ్‌కి పాత రంగు మొత్తం తీసేయాలి. అంటే నాన్న వేసిన ప్రైమర్ కూడా పోతుంది. ఆ సంగతి బాబాయే ముందు ఎత్తారు. చైన్ గార్డుకి కోటింగ్ వేయించలేదు. గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి అలాగే బిగించారు. నీలం వెలిసి అక్కడక్కడ ఎరుపు కనిపిస్తుంది. కొత్త ఫ్రేము మీద అదొక్కటీ పాతది. నాకు అలాగే కావాలి.

బిగింపు రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేయించారు. ముందు చక్రం హబ్బులో (ఇరుసు తిరిగే మధ్య భాగంలో) వైపుకి పది గోళీలు, వెనక హబ్బులో వైపుకి తొమ్మిది, గ్రీజులో ఒక్కొక్కటీ అద్దాలి. గోళీలను నొక్కి పట్టే కోన్ మరీ బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదిలేస్తే అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో ఆయన చూసే పద్ధతి నాకు చాలా నచ్చింది. చక్రాన్ని గాలిలో పెట్టి వదిలేస్తారు. వాల్వు బరువుకి అది మెల్లగా తిరిగి, ముందుకీ వెనక్కీ ఊయలలా ఊగి, వాల్వు అడుగుకి వచ్చి ఆగాలి. మూడోసారికి నేను బిగించిన ముందు చక్రం అలా ఆగింది. ‘ఇంక ముట్టుకోకు’ అన్నారు. వెనక చక్రంలో విరిగిన నాలుగు పుల్లలు మార్చి బెండు తీయడం మాత్రం ఆయనే చేశారు.

లెక్క కావాలన్నవారికి: పౌడర్ కోటింగ్ 1,200, టైర్లు రెండు 640, ట్యూబులు 240, చైన్ 160, ఫ్రీవీల్ 140, పెడళ్లు 180, బ్రేకు కేబుళ్లూ రబ్బర్లూ 150, గ్రిప్పులు 100, గోళీలు, పుల్లలు, గ్రీజు కలిపి 90, కూలి 700.

లోపాలు కూడా ఉన్నాయి. చెప్పిన రోజుకి పని అవదు. శనివారం అంటే తర్వాతి బుధవారం. బిల్లు ఇవ్వరు. బ్రేకు కేబుల్ ఆయన దగ్గరున్న రకం గట్టిగా ఉంది, పిల్లవాడి వేళ్లకు బలం చాలడం లేదు. నేను మెత్తనిది వేరే కొని మార్పించాలి. గేర్ల సైకిళ్లు, డిస్క్ బ్రేకులు ఆయన చూడరు, ఆ మాట ముందే చెప్పేస్తారు. తొందర ఉన్నవాళ్లకు ఈ షాపు సరిపడదు. ఒక పాత సైకిల్ మీద ప్రేమ ఉండి, అది ఎలా నడుస్తుందో నేర్చుకోవాలని ఉన్నవాళ్లు ఎంత దూరం నుంచైనా రావచ్చు.

గత ఆదివారం తెల్లవారుజామున ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్లాం. కుర్సురా జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టి వాడు తొక్కుతుంటే నేను వెనకాల నడిచాను. తమ్ముడికి వీడియో కాల్ చేశాను. వాడు సైకిల్ కంటే ముందు ‘అక్కా, చైన్ గార్డు చూపించు’ అన్నాడు. ఇంటికొచ్చాక తడి గుడ్డతో ఉప్పు తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచాం. బీచ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇలా చేయాలని బాబాయ్ మా అబ్బాయి చేత మాట తీసుకున్నారు.

షాపు పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఉండరు, ఆదివారం సెలవు. సీటు రాడ్డు బిగుసుకుపోయి ఉంటే ఇంట్లో సుత్తితో కొట్టకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఆయన దగ్గరికి తీసుకెళ్లండి.