అమ్మని మొలొకాయి తీసుకెళ్లాం: ఫాదర్ డామియన్ కట్టిన చర్చి, మమ్మల్ని ముంచిన కాండో

అమ్మ గుంటూరులో లెప్రసీ వార్డులో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసింది, మా ఇంట్లో బాలయేసు పటం పక్కనే, కుష్ఠురోగుల మధ్య పనిచేసిన ఫాదర్ డామియన్ ఫోటో ఉండేది. అమెరికా వచ్చినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే, ఆయన పనిచేసిన దీవి చూపించరా అని.

హవాయిలో మొలొకాయి అనే దీవి అది. మావి (Maui) అనే పక్క దీవి నుంచి ఫెర్రీ ఉండేది, 2016లో ఆపేశారు, ఇప్పుడు చిన్న విమానాలే దిక్కు. హొనొలులు నుంచి అరగంట, రానుపోను మనిషికి 152 డాలర్లు పడింది. ఎక్కేముందు బ్యాగుతో పాటు మనుషుల్ని కూడా తూకం వేస్తారు, పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, మా అమ్మ చాలా సిగ్గుపడింది.

ఇక కాండో (అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంట్) సంగతి. పడమటి చివర, సముద్రం కనిపిస్తుందని ఫోటోలు చూసి బుక్ చేశాం. రాత్రికి 210 చొప్పున రెండు రాత్రులు, క్లీనింగ్ ఫీజు 165, పన్నులన్నీ కలిపి 689 డాలర్లు. చీకటిపడ్డాక వెళ్తే తాళంపెట్టె కోడ్ పనిచెయ్యలేదు, ఫోన్ సిగ్నల్ లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ యాభై నిమిషాలు కార్లోనే కూర్చుంది. చివరికి పక్క యూనిట్ పెద్దాయన ఓనర్‌కి ఫోన్ కలిపిచ్చాడు. లోపలికెళ్తే కుళాయిలో గోధుమరంగు నీళ్లు, పరుపు మీద ఇసుక! మరి 165 డాలర్లు దేనికి తీసుకున్నట్టు? ఓనర్‌కి ఫోటోలు పంపితే "దీవిలో ఇంతే" అని జవాబు, ఎంత పోరాడినా 40 డాలర్లే వెనక్కి వచ్చాయి. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు, ఆమె మొదటి నుంచీ కౌనకకాయి ఊళ్లోనే ఉందాం అంటూనే ఉంది. ఆమె చెప్పిందే రైట్, మీరెవరైనా వెళ్తే ఊళ్లోనే దిగండి, చర్చిలకీ దగ్గర, షాపులకీ దగ్గర.

పొద్దున్నే తూర్పు రోడ్డు పట్టుకుని కమలో అనే చోటికి వెళ్లాం, ఊరి నుంచి పది మైళ్లు దాటాక రోడ్డు పక్కనే సెయింట్ జోసెఫ్ చర్చి. తెల్ల చెక్క గోడలు, చిన్న గోపురం, మన పల్లెల్లో ప్రార్థన గదంత ఉంటుంది అంతే. 1876లో డామియన్ గారు కట్టించింది, ఆయనకి వడ్రంగం కూడా వచ్చు. పక్కన ఆయన విగ్రహం, మెడలో ఎవరో వేసిన పూలదండ, వెనక చిన్న సమాధుల తోట. తలుపు తీసే ఉంది, టికెట్ లేదు, గైడ్ లేడు, ఎవరూ లేరు. అమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి బెంచీ మీద కూర్చుని "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని మొదలుపెట్టి జపమాల మొత్తం చెప్పింది, మేమిద్దరం తలుపు దగ్గరే నిలబడిపోయాం. ఇంకాస్త ముందుకెళ్తే కలువాహాలో 1874లో ఆయనే కట్టిన ఇంకో చర్చి ఉంది, అదీ చూడండి.

మధ్యాహ్నం పాలాఔ పార్కు. ఎంట్రీ ఫీజు లేదు. కొండ అంచున నిలబడితే కింద కలౌపాపా, నాలికలా సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల. కుష్ఠు జబ్బు వచ్చినవాళ్లని 1866 నుంచి 1969 దాకా ఇళ్ల నుంచి విడదీసి అక్కడికి పంపేశారు, దాదాపు ఎనిమిది వేల మందిని. బెల్జియం నుంచి వచ్చిన డామియన్ 1873లో 33 ఏళ్లకి అక్కడికి దిగి, అదే జబ్బుతో 1889లో పోయారు. ఆయన సెయింట్ ఫిలోమినా చర్చి తూర్పు వైపు కలావావోలో ఉంది. దేహాన్ని 1936లో బెల్జియం తీసుకెళ్లిపోయారు, కుడిచెయ్యి మాత్రం 1995లో తిరిగొచ్చి అక్కడే సమాధిలో ఉంది. కిందికి వెళ్లాలంటే పర్మిట్ ఉండాలి, పదహారేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, మాకు కుదరలేదు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు కిందికే చూసి, "మా వార్డులో కూడా కొందరి కోసం ఇంటి నుంచి ఒక్కరు కూడా వచ్చేవాళ్లు కాదురా" అంది.

రాత్రి కౌనకకాయిలో కనెమిట్సు బేకరీ వెనక సందులో వేడి బ్రెడ్డు అమ్ముతారు, తప్పకుండా తినండి. క్రీమ్ చీజ్, జామ్ పూసి పొగలు కక్కుతుండగా చేతికిస్తారు. కార్లోనే కూర్చుని ముగ్గురం లోఫ్ మొత్తం తినేశాం, మా ఆవిడ రెండో లోఫ్ తెమ్మంది.