విజయనగరంలో పాళీకి సాన పట్టించాను

పాటని స, రి, గ, మలుగా కాగితం మీద పెట్టే స్వరలిపి రాసుకునేవాళ్లకి పెన్ను పాళీ సన్నగా ఉండాలనుకోవడం సోకు కాదు, అవసరం. తారస్థాయికి, అంటే పై స్థాయి స్వరానికి, పైన చుక్క, మంద్రానికి, అంటే కింది స్థాయికి, కింద చుక్క, కాలం, అంటే వేగం, పెరిగితే పైన గీత, ఆ కింద సాహిత్యం. మామూలు ఫైన్ పాళీతో రాస్తే ‘రి’, ‘ని’ల మీద గుడీ, దానిపైన చుక్కా ఒకటే మరకైపోతాయి. నాలుగు రోజులు పోయాక చూస్తే అది ఏ స్థాయో మనకే తెలియదు. అందుకే రాజమండ్రిలో కొన్న నా ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుకి ఎక్స్‌ట్రా ఫైన్ సాన పట్టించుకోడానికి శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లాను.

వేరే దారులు లేక కాదు. జపాన్ పెన్ను కొనుక్కోవచ్చు. వాళ్ల ఎక్స్‌ట్రా ఫైన్ గీత సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది, అదే పేరుతో వచ్చే జర్మన్ పాళీ దాదాపు అర మిల్లీమీటరు గీస్తుంది. కానీ చేతికి అలవాటైన పెన్నుని వదులుకోబుద్ధి కాలేదు. రాజమండ్రి వెళ్లొచ్చు, 1932 నుంచి రత్నం వారి పెన్నులు తయారవుతున్న ఊరు, పెన్నంటే ప్రాణమిచ్చేవాళ్లు ఒక్కసారైనా చూడాలి. మాకు మాత్రం దూరం. పెద్ద నగరానికి కొరియర్‌లో పంపడం అన్నిటికన్నా సులువు. నాకు నచ్చనిదీ అదే. మనం పెన్ను ఎంత వాలుగా పట్టుకుంటామో, ఎంత నొక్కుతామో పార్సెల్ విప్పినవాళ్లకి ఎలా తెలుస్తుంది?

బస్సు కన్నా ఆమదాలవలస నుంచి రైలు మేలు. చీపురుపల్లి మీదుగా గంటా గంటంబావులో దించేస్తుంది, ఒళ్లు హూనం కాదు. బస చేయడానికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జి చూశాను. గది శుభ్రంగానే ఉంది గానీ బల్ల లేదు, వీధి హోరు తెల్లవార్లూ వినిపిస్తుందని అనిపించింది. స్టేషన్ వైపున్న రెండోది కాస్త పాతది, నీళ్లు సన్నగా వస్తాయి. అయినా కిటికీ పక్కనే రాసుకునే బల్ల ఉంది. కొత్తగా సాన పెట్టిన పాళీని పగటి వెలుతురులో, బల్ల మీద రాసి చూసుకోవాలి. అందుకే పాతదాన్నే ఎంచుకున్నాను.

గంటస్తంభం వైపు బజారులో వాచీలూ పెన్నులూ బాగుచేసే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. “ఏటి రాత్తారమ్మా దీంతోటి?” అని అడిగి, నేను తీసుకెళ్లిన నోట్‌బుక్కులో, నా సిరాతోనే ఒక పేజీ రాయించుకున్నారు. నేను రాస్తున్నంతసేపూ చూపు నా చేతి మీదే. తర్వాత భూతద్దం కన్నుకి బిగించి, ముందు పాళీ రెండు పాయలనీ సమానం చేశారు. గీరుకుంటోందని మనం విసుక్కునే పాళీల్లో చాలావాటికి జబ్బు అదే: ఒక పాయ పైకి, ఒకటి కిందికి.

సాన మొదలైంది ఆ తర్వాతే. పాళీ మొనన గట్టి లోహపు గుళిక ఉంటుంది. దాన్ని ముందు పక్కల నుంచి, తర్వాత అడుగు నుంచి అరగదీసి, చివర్న అన్ని వైపులా గుండ్రం చేస్తారు. ఇటాలిక్ సానలో అంచులు పదునుగా ఉంచుతారు, నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా పడుతుంది. మన లిపికి అది నప్పదు. తెలుగు అక్షరం సున్నాలా తిరుగుతుంది, తలకట్టు పైకి లేస్తుంది. పైకి తోసినప్పుడు పదునైన అంచు కాగితంలో దిగబడుతుంది. కొనకి ఏ వైపునా మూల మిగలకూడదు.

కాస్త అరగదీయడం, సిరాలో ముంచడం, నాచేత రాయించడం. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ రాశాను. ‘ఠ’, ‘థ’ల్లో చుక్క విడిగా కనిపించాక, తారస్థాయి రిషభం, అంటే ‘రి’, మీది చుక్క కూడా గుడికి ఎడంగా నిలిచింది. ఇంకా సన్నం చేయమన్నాను. “సన్నం చెయ్యొచ్చమ్మా, మళ్లీ లావు చెయ్యలేం. ఇక్కడ ఆగుదాం” అన్నారు. ఆ మాట కోసమైనా ఈ ప్రయాణం చెయ్యొచ్చు. సూదిమొనలా చేస్తే మన నోట్‌బుక్కుల పీచు పాయల మధ్య ఇరుక్కుంటుంది, పెన్ను కాస్త వాలు మారితే చాలు గీరుతుంది. చివరికి 12000 నంబరు మైక్రోమెష్ అనే అతి నున్నటి సానగుడ్డ మీద నునుపు చేసి, సిరా ధార కాస్త తగ్గించి ఇచ్చారు. ధార ఎక్కువైతే సన్నటి పాళీ కూడా లావుగానే రాస్తుంది. మజూరీ కొరియర్ ఖర్చు కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

సాయంత్రం సంగీత కళాశాల చూసొచ్చాను. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు ఆచార్యులుగా పనిచేసిన చోటు. సంగీతంవాళ్లు విజయనగరం వచ్చి అటు వెళ్లకుండా ఉండకూడదని నా పట్టుదల. రాత్రి గదిలో ఒక వర్ణం (కర్ణాటక సంగీతంలో ఒక రచన) మొత్తం రాశాను. పేజీకి మునుపటికన్నా రెండు వరుసలు ఎక్కువ పట్టాయి, వెనక పేజీలోకి సిరా దిగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు సొంత కాగితం, సొంత సిరా తప్పకుండా పట్టుకెళ్లండి. పొద్దున్నే చేరుకుంటే ఆయనకి తీరిక ఉంటుంది. దసరా దాటాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారం అమ్మవారి కోసం వెళ్లండి, పాళీ కోసం మాత్రం వద్దు, లాడ్జిల్లో గది దొరకడం కష్టం.