పడవ మీద మూడు సీజన్ల కాపురం: మా లంగరు గురించి

ఇంజన్ ఎన్ని గుర్రాలు, తెరచాపలు ఎన్ని అన్నవి వదిలేస్తున్నాను. మాది 34 అడుగుల పాత ఫైబర్ సెయిల్ బోట్, మలేషియాలోని లంకావిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నేనూ మా ఆవిడా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అందులోనే ఉంటూ, లంకావి నుంచి థాయిలాండ్ ఫుకెట్ వరకు ఒడ్డు వెంట మూడు సీజన్లు తిరిగాం. ఇప్పుడు బరంపురంలో ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. అడిగేవాళ్లంతా ఫ్రిజ్ గురించి, సోలార్ ప్యానెళ్ల గురించి అడుగుతున్నారు. రాత్రి నిద్ర పట్టేది మాత్రం లంగరును బట్టి. అందుకని దాని గురించే ఎక్కువ రాస్తాను.

మాది ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్. నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా ఆ ఒడ్డు నుంచే వేటకు వెళ్లారు. అక్కడ పడవలు రాత్రి నీళ్లలో ఉండవు. వేట నుంచి రాగానే పదిమంది పట్టి ఇసుక మీదికి లాగేస్తారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. ఎంత పైకి లాగినా దక్కని పడవలను నాన్న కళ్లారా చూశారు. అలాంటి మనిషికి, నా పడవ రాత్రంతా నీళ్లలోనే ఉంటుంది, మేం అందులోనే పడుకుంటాం అంటే ఎలా ఉంటుంది? లంకావి 6 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది నాన్నా, అంత కిందికి తుఫానులు రావడం చాలా అరుదు అని చెప్పాను. లంగరు ఫొటో చూపించాను. "ఏట్రా, ఈ ముక్కేనా అంత పడవని ఆపుద్ది?" అన్నారు. కాసేపు ఆగి, "అడుగున ఇసకేటి, బురదేటి?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్న నేను పట్టించుకోలేదు.

పడవతో పాటు నాగలి ఆకారం లంగరు ఒకటి వచ్చింది. ఆ రకాన్ని 1933లో జెఫ్రీ టేలర్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టాడు. మాది బాగా అరిగిపోయి ఉంటే తీసేసి, 20 కిలోల కొత్త రకం కొన్నాం. పార లాంటి పలక, దాని మీద విల్లులా వంగిన కడ్డీ. లంగరు ఎలా పడినా ఆ కడ్డీ దాన్ని తిప్పి, పలక మొన నేలలో దిగేలా చేస్తుంది. గొలుసు 8 మిల్లీమీటర్లది, 60 మీటర్లు. మీటరుకు దాదాపు కిలోన్నర బరువు.

ఫుకెట్ దక్షిణాన నై హార్న్ అని ఒక చక్కటి ఇసుక అఖాతం ఉంది. మొదటి సీజన్‌లో అక్కడ లంగరు వేశాక మాస్క్ పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లి చూశాను. పలక మొత్తం ఇసుకలోకి దిగిపోయింది. పైన ఆ కడ్డీ వంపు జానెడు మాత్రమే కనిపిస్తోంది. దాని వెనక గొలుసు కదలకుండా నేల మీద పడుకుని ఉంది. లంగరుకు బలం వచ్చేది అక్కడే. గొలుసు నేలకు ఆనుకుని అడ్డంగా లాగినంతసేపు పలక ఇంకా లోతుకు దిగుతుంది. పైకి లాగితే ఊడిపోతుంది. ఆ రోజు పైకి వచ్చి మా ఆవిడతో, "ఇక మనకు గోడ కట్టిన ఇల్లే" అన్నాను. ఆ మాట రెండు సీజన్లు నిలబడింది. పడవ జారితే మోగే అలారం పెట్టుకుని కూడా దాన్ని చూడకుండా తెల్లారేదాకా పడుకున్న రాత్రులున్నాయి. ఆ సుఖం నిజం, దాన్ని కాదనను.

మూడో సీజన్ చివర, ఏప్రిల్‌లో, లంకావి దక్షిణాన దయాంగ్ బుంటింగ్ దీవి పక్కన ఆగాం. అడుగున మెత్తటి బురద. లెక్క సరిగ్గానే వేశాను. ఆటులో నీళ్లు 5 మీటర్లు, పోటుకు ఇంకో రెండున్నర, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటి, మొత్తం ఎనిమిదిన్నర. దానికి అయిదింతలకు కాస్త ఎక్కువే, 45 మీటర్ల గొలుసు వదిలాను. అప్పటికే రెండు రోజులుగా అక్కడే ఉన్నాం. అంటే పోటు నుంచి ఆటుకు, ఆటు నుంచి పోటుకు నీళ్లు ఏడెనిమిదిసార్లు దిశ మార్చాయి, పడవ కూడా తిరిగింది.

ఆ ఒడ్డున రాత్రి చివరి జామున సుమత్రా వైపు నుంచి హఠాత్తుగా గాలివాన విరుచుకుపడుతుంది. దాన్ని అక్కడ "సుమత్రా" అనే పిలుస్తారు. మూడున్నరకు ఉక్క ఒక్కసారిగా ఆగి చల్లగాలి తగిలింది, నాకు మెలకువ వచ్చింది. నేను పైకి వచ్చేలోపే వాన మొదలైంది. గాలి 38 నాట్లు, అంటే గంటకు దాదాపు 70 కిలోమీటర్లు చూపిస్తోంది. గాలి రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగింతలవుతుందని ఓడల్లో పనిచేసిన నాకు తెలియనిది కాదు. అలారం మోగుతోంది. టార్చి వేసి చూస్తే, మా వెనక వంద మీటర్ల దూరంలో ఉండాల్సిన పడవ ముప్ఫై మీటర్లలో ఉంది. లంగరు పట్టు వదిలేసింది, మేం వెనక్కి జారిపోతున్నాం.

మా ఆవిడ ఇంజన్ స్టార్ట్ చేసి చుక్కాని పట్టుకుంది. గాలికి ఎదురుగా పడవ ముక్కును నలభై నిమిషాలు నిలబెట్టింది. నేను ముందు కూర్చుని, గొలుసు ఎటు లాగుతోందో టార్చితో ఆమెకు చూపిస్తూ ఉన్నాను. ఆ వానలో మాట వినపడదు. అంతకుముందే సైగలు ప్రాక్టీస్ చేసి ఉండటం మమ్మల్ని కాపాడింది.

వెలుగు వచ్చాక లంగరు ఎత్తాను. పలకకీ కడ్డీకీ మధ్య కుండంత బురద ముద్ద, బంకలా అతుక్కుని ఉంది. తెడ్డుతో పొడిస్తే తప్ప రాలేదు. నీళ్లు దిశ మారినప్పుడు లంగరు ఊడి, బురదతో నిండిపోయి, మళ్లీ నేలలో దిగలేక పైపైన జారింది. అది తనంతట తాను తిరిగి నాటుకోవడానికి పెట్టిన కడ్డీయే ఆ బురదను పట్టి ఉంచింది. గొలుసుకూ లంగరుకూ మధ్య నేను అందంగా ఉంటుందని పెట్టించిన స్టీల్ స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే ముడి) పిన్ను కూడా పక్కకు వంగింది. ఇంకో గంట గాలి కొట్టి ఉంటే అది తెగిపోయేదేమో.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఒకటే అడిగారు, "బురదేనా?"

ఆ తర్వాత స్వివెల్ తీసేసి మామూలు షాకిల్ (అడ్డంగా పిన్ను ఉండే U ఆకారపు కొక్కెం) వేశాను, పిన్ను వదులు కాకుండా తీగతో కట్టాను. బురద ఉన్నచోట లంగరు వేశాక అరగంట దాన్ని కుదురుకోనిచ్చి, అప్పుడు ఇంజన్ వెనక్కి పెట్టి లాగుతున్నాను. రోజుకొకసారి ఎత్తి కడిగి మళ్లీ వేస్తున్నాను. మెత్తటి బురదకు వెడల్పు రెక్కల తేలిక లంగరు ఇంకొకటి కొన్నాం. కాబట్టి "గోడ కట్టిన ఇల్లు" అన్నది ఇసుకకే చెల్లుతుంది. ఇసుకలో దీనికి సాటి నేను చూడలేదు, ఇప్పటికీ కొనమనే చెప్తాను. బురదలో దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

మిగతావి చెప్పాలంటే, ప్రెషర్ కుక్కర్ లేకుండా వెళ్లకండి. పడవ ఊగినా పప్పు ఒలకదు. బట్టలకు బూజు పడుతుంది, ఎంత ఎండబెట్టినా. 2023 చివర్లో రెండు దేశాలూ మన పాస్‌పోర్టుకు వీసా అక్కర్లేదన్నాక తిరగడం తేలికైంది, కానీ రోజుల లెక్క నెత్తి మీదే ఉంటుంది.

నేను ఓడల్లో ఇంజనీర్‌గా చేసినవాణ్ని, చెడిపోయింది చేత్తో బాగుచేసుకోగలను. మా ఆవిడకు ఈత వచ్చు, పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు. బడికెళ్లే పిల్లలున్నవాళ్లకు ఈ లెక్క వేరు. వచ్చే నవంబర్‌కు వెళ్తామో లేదో నాన్న ఆరోగ్యాన్ని బట్టి చూడాలి. పడవ లంకావిలో ఒడ్డున ఎత్తి పెట్టి ఉంది. గొలుసు కొసలు తిప్పేసి, కొత్త షాకిల్ వేసి వచ్చాను.