దానమా, లైసెన్సా, కంపల్సరీ లైసెన్సా: పేద దేశాలకు మందు చేరాలంటే ఏది మేలు?

హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేయించుకునే మందు ఒకటి వచ్చింది. పేరు లెనకాపవిర్, కంపెనీ గిలియాడ్. అమెరికాలో ఏడాదికి 28,218 డాలర్లు, అంటే సుమారు 25 లక్షల రూపాయలు. అదే మందును గిలియాడ్ ఇచ్చిన లైసెన్స్‌తో 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో డాక్టర్ రెడ్డీస్, హెటెరో ప్రకటించాయి. రెండూ మన హైదరాబాద్ కంపెనీలే. అందరిలాగే నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత ఏయే దేశాలకు ఇస్తారన్న జాబితా చూశాను. 120 దేశాలున్నాయి. బ్రెజిల్ లేదు. అర్జెంటీనా, మెక్సికో, పెరూ కూడా లేవు. ఈ నాలుగు దేశాల్లోనూ ఆ మందు ట్రయల్స్ జరిగాయి. ప్రయోగానికి ఒళ్లు అప్పగించినవాళ్లు ఉన్న దేశాలకే చౌక మందు లేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మందుల విషయంలో పేద దేశాలకు వడ్డించేవాడూ మనవాడు కాడు, కూర్చునేదీ కడబంతిలోనే. అలాంటప్పుడు విస్తరిలోకి అన్నం రావడానికి మూడు దారులు. ధనిక దేశాలు, సంస్థలు దానంగా ఇవ్వడం ఒకటి. పేటెంట్ ఉన్న కంపెనీ తనంతట తాను వేరే కంపెనీలకు లైసెన్స్ ఇవ్వడం రెండోది. కంపెనీ ఒప్పుకోకపోయినా ప్రభుత్వమే వేరేవాళ్లకు తయారీ అనుమతి ఇవ్వడం, అంటే కంపల్సరీ లైసెన్స్, మూడోది.

దానాన్ని తీసిపారేయలేం. 2003లో మొదలైన అమెరికా ఎయిడ్స్ కార్యక్రమం పెప్‌ఫర్ రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని లెక్క. తుపానులోనో యుద్ధంలోనో చిక్కుకున్నవాళ్లకు పేటెంట్ చట్టం గురించి చెప్పి లాభం లేదు, ఆ పూట మందు కావాలి. కానీ దానమంటే ఏం వస్తుందో, ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో అన్నీ ఇచ్చేవాడి చేతిలోనే ఉంటాయి. 2025 జనవరి 20న అమెరికాలో ఒక్క సంతకంతో విదేశీ సాయం 90 రోజులు ఆగిపోయింది. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ క్లినిక్‌లు కొన్ని మూతపడ్డాయి. ఆ నిర్ణయంలో వాటి రోగులను అడిగినవాళ్లు లేరు.

కోవిడ్ టీకాల సంగతి ఇంకా కళ్లముందే ఉంది. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు పంచుతామని, పేద దేశాలకూ టీకాలు అందించే అంతర్జాతీయ పథకం కోవాక్స్ మొదలైంది. 2022 జనవరి నాటికి 100 కోట్లు దాటింది. ధనిక దేశాలు ముందే డబ్బు కట్టి సరుకంతా బుక్ చేసుకున్నాయి. మనమూ ఇందులో పూర్తి అమాయకులం కాదు. రెండో వేవ్‌లో మన ప్రభుత్వం ఎగుమతులు ఆపేసింది, సీరం ఇన్‌స్టిట్యూట్ మీదే ఆశ పెట్టుకున్న కోవాక్స్ నెలల తరబడి చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. చివరికి ధనిక దేశాలు తమకు మిగిలినవి పంపడం మొదలెట్టాయి. వాటిలో చాలా వాటికి గడువు కొన్ని వారాలే ఉంది. 2021 డిసెంబరులో నైజీరియా రాజధాని అబుజా శివారులోని గోసా డంపింగ్ యార్డులో పది లక్షలకు పైగా ఆస్ట్రాజెనెకా డోసులను పోసి, విలేకరుల ముందే బుల్‌డోజర్‌తో తొక్కించారు. గడువు తీరిన టీకాలు జనానికి వెయ్యడం లేదని నమ్మించడానికి అదంతా. టీకాలు తక్కువై ఏడ్చిన దేశం టీకాలనే చెత్తలో వేయాల్సి వచ్చింది. మన పెళ్లిళ్లలో అందరూ తిన్నాక పాచిపోబోతున్న పులిహోర వాకిట్లోవాళ్లకు పెట్టినట్టు ఉంది నాకైతే.

ఇక కంపెనీ తానుగా ఇచ్చే లైసెన్స్. నిజం చెప్పాలంటే ఇది దానం కన్నా చాలా నయం. హెపటైటిస్ సి మందు సోఫోస్బువిర్ అమెరికాలో 12 వారాల కోర్సుకు 84,000 డాలర్లతో మొదలైంది. అంటే ఒక్కో మాత్ర 1,000 డాలర్లు. 2014 సెప్టెంబరులో గిలియాడ్ ఏడు భారతీయ కంపెనీలకు లైసెన్స్ ఇచ్చింది, మరుసటి ఏడాది నాట్కో కూడా చేరింది. ఇన్ని కంపెనీలు పోటీపడితే ధర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇవాళ మన సర్కారు ఆసుపత్రుల్లో ఆ చికిత్స ఉచితంగా దొరుకుతోందంటే ఆ పోటీ పుణ్యమే.

చిక్కు జాబితాతోనే. అప్పుడు 91 దేశాలకు అమ్ముకోవచ్చన్నారు. చైనా, బ్రెజిల్, ఉక్రెయిన్, మలేషియా, థాయిలాండ్ అందులో లేవు. అవి మధ్యాదాయ దేశాలు, కొనుక్కోగలవు అన్నది వాదన. ఇంటి ముందు కారుందని రేషన్ కార్డు తీసేసినట్టే ఇదీ. ఆ కారు కిస్తీల మీద నడిచే టాక్సీ అయినా లెక్కలో కారే. దేశం సగటు ఆదాయం వేరు, ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి జేబు వేరు. జాబితా ఎవరు రాస్తే వివక్ష వాళ్ల కలంలోంచే మొదలవుతుంది. ఇక్కడ రాసేది అమ్ముకునేవాడే.

మూడో దారికి మన దేశంలో ఉన్న ఉదాహరణ ఒక్కటే. అదీ హైదరాబాద్‌దే. జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ మందు నెక్సావర్, కిడ్నీ, లివర్ క్యాన్సర్‌లకు వాడే మాత్రలు. నెలకు 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. అంటే ఒక్కో మాత్ర రెండు వేల మూడు వందల పైచిలుకు, రోజుకు నాలుగు. హైదరాబాద్ కంపెనీ నాట్కో ముందు బేయర్‌నే లైసెన్స్ అడిగింది. ఇవ్వలేదు. దాంతో పేటెంట్ చట్టం 84వ సెక్షన్ కింద ప్రభుత్వం దగ్గరికి వెళ్లింది. మందు అవసరమైనంత దొరకాలి, ధర అందుబాటులో ఉండాలి, పేటెంట్ ఉన్న మందును మన దేశంలో ఆచరణలోకి తేవాలి అని ఆ సెక్షన్ అడుగుతుంది. మూడింటిలోనూ బేయర్ తప్పింది. మందు అందుతున్నది అవసరమైనవాళ్లలో 2 శాతానికి కాస్త అటూ ఇటుగానే అని తేలింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్స్ ఇచ్చేశారు. నాట్కో ధర నెలకు సుమారు 8,800 రూపాయలు, మాత్ర 73 రూపాయలు. బేయర్‌కు 6 శాతం రాయల్టీ అన్నారు, అప్పీలులో అది 7 అయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా లైసెన్స్ నిలిచింది.

ఇంత బాగుంటే మళ్లీ ఎందుకు ఇవ్వలేదు? ఆ తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో రెండింటిని కొట్టేశారు. అందులో ఒకటి హైదరాబాద్ కంపెనీ లీ ఫార్మాదే, షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్ కోసం. పైగా అమెరికా ఏటా పేటెంట్ల విషయంలో మనల్ని ప్రత్యేక నిఘా జాబితాలో పెడుతూనే ఉంటుంది. ఆ టెన్షన్ ఢిల్లీలో లేదంటే నేను నమ్మను. సొంత ఫ్యాక్టరీలు లేని దేశానికైతే ఈ దారి ఇంకా ఇరుకు. రువాండా 2007లో కెనడా నుంచి హెచ్‌ఐవీ మాత్రలు తెప్పించుకోవడానికి ప్రపంచ వాణిజ్య సంస్థకు నోటీసిచ్చింది. మొదటి సరుకు 2008 సెప్టెంబరులో బయల్దేరింది. ఫ్యాక్టరీలు లేని దేశం కోసం వేరే దేశం కంపల్సరీ లైసెన్స్ కింద మందు చేసి పంపొచ్చన్న నిబంధన అది. దాని కింద మందు దేశం దాటింది ఆ ఒక్క ఒప్పందంలోనే. టీకాలకు మరీ కష్టం. పేటెంట్ కాగితం చేతికొచ్చినా తయారీ గుట్టు రాదు.

అయినా నా ఓటు మూడోదానికే. రోజూ వాడడానికి కాదు, పెట్టెలో పెట్టుకోవడానికి. మలేషియాను చూడండి. సోఫోస్బువిర్ జాబితాలో లేదు. ప్రభుత్వం తన హక్కు వాడబోతోందన్న మాట నడుస్తుండగా 2017 ఆగస్టులో గిలియాడ్ మలేషియా, థాయిలాండ్, ఉక్రెయిన్, బెలారస్‌లను జాబితాలో చేర్చింది. మలేషియా అక్కడితో ఆగకుండా సెప్టెంబరులో ప్రభుత్వ వాడకం లైసెన్స్ (ఇదీ కంపల్సరీ లైసెన్స్‌లో ఒక రకమే) కూడా ఇచ్చుకుంది. వెనక కర్ర కనబడితేనే ముందు చెయ్యి చాస్తారన్నమాట. అందుకే కంపెనీ ఇచ్చే లైసెన్స్ దొరికితే పుచ్చుకోవాలి, ధర త్వరగా దిగేది అందులోనే. కంపల్సరీ లైసెన్స్ చట్టాన్ని మాత్రం ఏ వాణిజ్య ఒప్పందంలోనూ వదులుకోకూడదు. దానం ఆపద నాటికి ఉంచుకోవాలి, అదీ గడువు తేదీ చూసి.

బ్రెజిల్‌కు ఈ సంగతి కొత్త కాదు. 2007 మేలో మెర్క్ కంపెనీ హెచ్‌ఐవీ మందు ఎఫవిరెంజ్ మీద అధ్యక్షుడు లూలా కంపల్సరీ లైసెన్స్ మీద సంతకం పెట్టారు. మెర్క్ మాత్ర 1.59 డాలర్లు. భారతీయ జెనెరిక్ 0.45 డాలర్లు. ఇప్పుడు మళ్లీ లూలాయే అధ్యక్షుడు, లెనకాపవిర్ జాబితాలో బ్రెజిల్ పేరు లేదు, చౌక మందు తయారయ్యేది ఈసారి కూడా ఇక్కడే.