సముద్రం లూర్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? రంగు కాదు, ముందు ముళ్ళూ రింగులూ చూడండి

వైజాగ్‌లో రాళ్ళ మీద నుంచీ బీచ్ నుంచీ గాలం వేసేవాళ్ళందరూ, ముఖ్యంగా ఈమధ్యే లూర్లతో, అంటే చేపలా కనిపించే ఉత్తుత్తి ఎరలతో, మొదలుపెట్టినవాళ్ళు, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఆరు లూర్ల సెట్ ఒకటి 2,340 రూపాయలకి కొన్నాను. డబ్బా మీద మనందరికీ తెలిసిన ఒక విదేశీ కంపెనీ పేరు, లోగో అన్నీ ఉన్నాయి. ఆ కంపెనీ అసలు లూర్ ఒక్కటే వెయ్యికి అటూ ఇటూగా ఉంటుంది. స్టాక్ క్లియరెన్స్ అని అమ్మేవాడు రాశాడు, కింద రేటింగ్ కూడా బాగానే ఉంది, నమ్మేశాను. ఆరూ నకిలీవే. డబ్బులు పోతే పోయాయి, కానీ వాటి వల్ల మా బావమరిది కన్ను త్రుటిలో తప్పింది. ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. 2020లో బంగ్లాదేశ్ షిప్ కొట్టుకొచ్చి ఆగిపోయిందే, ఆ వైపు. నీళ్ళు తేటగా ఉన్నాయి, కవళ్ళ గుంపు ఉండుండి పైకి ఎగురుతోంది, అంటే కింద పెద్దదేదో తరుముతోందన్నమాట. నాలుగో విసురుకే కొట్టింది. రీల్ నుంచి దారం ఆగకుండా పోతూనే ఉంది, లాగే తీరు చూసి పార చేపే అనుకున్నాం. పది నిమిషాలకి రాయి పక్కన ఒకసారి వెండిలా మెరిసింది, పారే, మూడు కేజీల పైనే ఉంటుంది. అలా మెరిసి పక్కకి తిరిగిందో లేదో రాడ్ ఒక్కసారిగా తేలికైపోయింది, సాగి ఉన్న దారం లూర్‌ని విసిరికొట్టినట్టు వెనక్కి తెచ్చి నా వెనకాల నిలబడ్డ బావమరిది కళ్ళజోడుకి కొట్టింది. అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత పడింది. ఆ రోజు అతను కళ్ళజోడు పెట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడిపోతున్నాయి.

లూర్ చేతిలోకి తీసుకుని చూస్తే పొట్ట కింది మూడు ముళ్ళ గాలం లేదు. అది తగిలించి ఉన్న కొక్కెం కూడా లేదు. అగ్గిపుల్ల దూరేంత కన్నం మాత్రం ఉంది. తోక వైపు గాలం ఉంది కానీ దాన్ని లూర్‌కి తగిలించే చిన్న ఉక్కు చుట్ట, అదే స్ప్లిట్ రింగు, సాగిపోయి నోరు తెరుచుకుని ఉంది, ఇంకో రెండు క్షణాలైతే అదీ జారిపోయేది. అంటే ఆ చేప మూడు ముళ్ళు నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. దొరకని చేప గురించి నాకు బాధ లేదు, సముద్రంలో అది మామూలే. ఇలా గాలం నోట్లో ఇరుక్కుని తిండి తినలేక తిరిగే చేప గురించే బాధ, మనం కొన్న చెత్త సామాను వల్ల దానికా గతి పట్టింది.

ఇంటికొచ్చి మిగిలినవాటిలో ఆ ఉదయమే వాడిన ఇంకోదాన్ని హ్యాక్‌సా బ్లేడుతో నిలువునా కోశాను. రెండు ప్లాస్టిక్ చెక్కలని జిగురుతో అతికించారు, అంతే. ముక్కు దగ్గర, పొట్ట దగ్గర, తోక దగ్గర సెంటీమీటరు కూడా లేని చిన్న స్క్రూ కొక్కేలు, వాటికి పట్టు ఆ జిగురే. సముద్రంలో పెద్ద చేపల కోసం చేసే మంచి లూర్లలో చాలావాటికి ముక్కు నుంచి తోక దాకా ఒకే స్టీల్ తీగ లోపల నుంచి వెళ్తుంది, గాలాలు ఆ తీగకే ఉంటాయి, చేప కొరికి బాడీ పగలగొట్టినా తీగ వదలదు. ఇందులో తీగ అన్నదే లేదు. శబ్దం కోసం వేసిన చిన్న గోళీలు తుప్పు పట్టి ఉన్నాయి, చుట్టూ తడి. ఒక్క ఉదయం వాడితే అతుకులోంచి నీళ్ళు దూరిపోయాయి. నీళ్ళు దూరిన లూర్ ఒక పక్కకి ఒరిగి ఈదుతుంది, అది అంతకుముందే గమనించాను గానీ అల వల్ల అనుకున్నాను.

తర్వాత ఒక పరీక్ష చేశాను, మీరూ కొన్న రోజే చేసుకోండి. బకెట్ అడుగు నేలకి జానెడు ఎత్తులో వేలాడేలా లూర్ ముక్కుని పైన గట్టిగా కట్టి, గాలం ఒక్క ముల్లుకి ఆ బకెట్ తగిలించి, మగ్గుతో కొంచెం కొంచెం నీళ్ళు పోయండి. లీటరు నీళ్ళంటే కేజీ బరువు, లెక్క తేలిక. దగ్గరికి వంగి చూడొద్దు, కళ్ళజోడు పెట్టుకోండి. నా పాత లూర్ పది లీటర్లు మోసింది, ముల్లు కదల్లేదు. ఈ కొత్త వాటిలో ఒకటి ఐదో లీటరుకి మెల్లగా విచ్చుకుని సూదిలా నిటారుగా అయిపోయింది, మా అమ్మాయి పక్కన నిలబడి చూసి భయపడింది. ఇంకోదానికి ముల్లు ఆగింది, రింగు తెరుచుకుంది. రింగుకైతే బకెట్ కూడా అక్కర్లేదు, బొటనవేలి గోరుతో విడదీసి చూడండి, సముద్రానికి పనికొచ్చే రింగు గోరుకి లొంగదు, దానికి ప్లయర్ కావాలి. గోరుకే తెరుచుకుంటే ఆ రింగు చెరువు చేపకి కూడా దండగ.

అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే నకిలీ అని కొందరు చెప్తుంటారు. గాలాల విషయంలో అది నమ్మొద్దు. మంచి గాలాలు చాలావరకు హై కార్బన్ స్టీల్‌తోనే చేస్తారు, అంటుకుంటాయి. తుప్పు ఆగడానికి పైన తగరం పూత లాంటిది వేస్తారు, తేడా తెలిసేది ఆ పూత దగ్గరే. ఒక గ్లాసు సముద్రం నీళ్ళు తెచ్చి గాలం సగం మునిగేలా రాత్రంతా ఉంచండి. నావి తెల్లారేసరికి ముళ్ళ మొనల దగ్గర ఎర్రబడ్డాయి, నీళ్ళు పలచటి టీ రంగులోకి మారాయి. మంచి గాలం కూడా ఎప్పటికైనా తుప్పు పడుతుంది, అందుకే ఇంటికి రాగానే కుళాయి నీళ్ళతో కడగాలి. కానీ ఒక్క రాత్రికే ఎర్రబడితే దాని మీద పూత లేనట్టే.

బరువు కూడా మోసమే. డబ్బా మీద 40 గ్రాములని ఉంది, వంటింటి కాటాలో పెడితే ఒకటి 31, ఒకటి 36, ఇంకోటి 33. ఒకే సెట్‌లో ఇన్ని తేడాలు ఉంటే విసురు ఒకసారి పడ్డచోట ఇంకోసారి పడదు. సెట్‌తోపాటు ఉచితమని రబ్బరు చేపలు ఇచ్చాడు, వాటిని గట్టి లూర్లతో బాక్సులో ఒకే అరలో పెట్టకండి, మెత్తటి ప్లాస్టిక్‌లోని నూనె లాంటి పదార్థం లూర్ రంగుని కరిగించేస్తుంది, నావి రెండు అతుక్కుపోయి జిగటగా తయారయ్యాయి. ఇది నకిలీలకే కాదు, అసలువాటికీ జరుగుతుంది.

కొనే ముందు నేను చూడాల్సిందీ చూడనిదీ డబ్బా వెనక వైపు. బయటి దేశం నుంచి వచ్చిన ప్యాక్ మీద దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం ఉండి తీరాలి, అది మన చట్టం. ఆన్‌లైన్‌లో అయితే ఏ దేశంలో తయారైందో కూడా పేజీలోనే చూపించాలి. నా డబ్బా మీద ఒక బార్‌కోడ్ తప్ప ఇంకేం లేదు. అమ్మే పేజీలో డబ్బా వెనక ఫోటో లేకపోతే అడగండి, పంపకపోతే వదిలేయండి.

వాపసు అడిగితే, వాడిన వస్తువు తీసుకోం అన్నాడు అమ్మినవాడు. వాడితేనే కదా తెలిసేది అని రాస్తే 200 ఇస్తాను, రివ్యూ తీసేయ్ అన్నాడు. తీయలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ పేజీ కనిపించలేదు, అవే ఫోటోలతో ఇంకో షాపు పేరు మీద మళ్ళీ వచ్చింది, ఈసారి ధర 2,199. అందుకే పేరు కన్నా ఆ ఫోటోలు గుర్తుపెట్టుకోండి, నీలం ట్రే మీద ఆరు లూర్లు, ఎడమ చివర గులాబీ రంగుది. ఆ వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాశాను. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ రూల్స్ ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించాను. ప్యాక్ విప్పుతున్నప్పుడు వీడియో తీసి ఉంటే నా పని ఇంకా తేలికయ్యేది, మీరు తప్పకుండా తీయండి.

ఇవన్నీ పట్టుకెళ్ళి పెదజాలరిపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయనకి చూపించాను, నలభై ఏళ్ళుగా గాలం వేస్తున్న మనిషి. రంగుల వైపు అసలు చూడలేదు. ముల్లు మొన గోరు మీద పెట్టి మెల్లగా జరిపాడు, జారిపోయింది, వెంటనే నా చేతిలో పెట్టేశాడు. "రంగులేటి సూత్తావు బాబూ, ముల్లు గోరు మీద నిలబడాల" అన్నాడు. పదునున్న ముల్లు గోరుని పట్టుకుని ఆగుతుంది, జారదు.

బడ్జెట్ తక్కువైతే ఆరు నకిలీల బదులు ఇక్కడి షాపులో ఒక్క మెటల్ స్పూనో జిగ్గో (లోహంతో చేసిన లూర్లు) చేత్తో పట్టుకుని చూసి కొనండి, అది గుల్ల బాడీ కాదు కాబట్టి అతుకు ఊడే భయం లేదు, దానికి వచ్చిన గాలం, రింగు తీసేసి మంచివి విడిగా కొని వేసుకోండి. ఇప్పుడు నేను అదే చేస్తున్నాను. ఈ సెట్ ఇప్పటికే కొన్నవాళ్ళు దయచేసి పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వొద్దు, చెత్తలోనూ అలాగే పడేయొద్దు, చెత్త ఏరేవాళ్ళ చేతులకి గుచ్చుకుంటాయి, కుక్కల నోట్లో పడతాయి. ముళ్ళు కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, కాగితంలో చుట్టి డబ్బాలో వేసి పడేయండి. ఈ ఆదివారం రాళ్ళ మీదకి వెళ్ళేవాళ్ళు శనివారం రాత్రే బాక్స్ తీసి ఒక్కో రింగూ గోరుతో చూసుకోండి, మీ వెనకాల ఎవరినీ నిలబడనివ్వకండి.